పంచనలీయము: చలిజ్వరపు దోమ చరిత్ర

మదరాసు రాజధానిలో జనన మరణముల లెక్క వ్రాయు పని గ్రామోద్యోగులపై పడిన నాటినుండి ప్రతి గ్రామమునందును అందుకొక పుస్తక ముండెడిది. మృతుని పేరు, తండ్రి పేరు, వయస్సు, తేది వ్రాసిన పిమ్మట మరణకారణము వ్రాయవలెను. ఆ కారణములకు సర్కారువా రేర్పరచిన గదులు కొద్దిపాటివి: కలరా, మశూచి, ప్లేగు, జ్వరము, అతిసారము, శ్వాసరోగములు, గాయములు, ఇతరములు. కలరా గది, ప్లేగు గది కొన్ని యేండ్లు వట్టివిగానే యుండెడివి. 'జ్వరము' అను గది మాత్రము ఏ యేటను ఖాళీగా నుండెడిది కాదు. సన్నిపాత జ్వరము, బాలింత జ్వరము, చలిజ్వరము అన్నియు ఆ యొక్క మాటలోనే యిమిడిపోయినవి. వ్రాయువాడు వైద్యుడు కాడు. "జొరమొచ్చి పోయినాడు" అని బంధువులు చెప్పినచో "జ్వరము" అని వ్రాయుటయే యతని విధి. అందుచేత ఈ పీఠభూమిలో చలిజ్వరమువలన ఎందరు గతించిరో ఆ దఫ్తరములను ఎన్నిమారులు తిరుగవేసినను తేలదు.

ఒక్క పేరు క్రింద పెక్కు రోగములు దాగియుండిన కథ యిది. విచిత్ర మేమనగా, ఆ చలిజ్వరమును మోసికొని వచ్చు దోమ విషయమునను సరిగా నిట్లే జరిగినది. గ్రామ లేఖకుడు చదువు చాలక పొరబడినాడనుకొన్నను, మహాపండితులు సూక్ష్మదర్శినిని కంటికి దగ్గర పెట్టుకొనియే డెబ్బదితొమ్మిది సంవత్సరములు ఒకే పేరు వ్రాయుచు వచ్చిరి. ఆ పేరు క్రింద నున్నది ఒక్క జాతి కాదనియు, అయిదు జాతులనియు జన్యుశాస్త్రము బయటపెట్టినది. ఆ చరిత్రను సంగ్రహముగా చెప్పుట ఈ వ్యాసము ఉద్దేశము.

వాన లేని అనంతపుర సీమకు దోమల చరిత్ర యెందుకని పాఠకులు శంకింపవచ్చును. సాలీనా సగటున సుమారు 55 సెంటీమీటర్ల వర్షము మాత్రమే పడు ప్రదేశమిది. 2022లో జిల్లా రెండుగా చీలి, పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడినను వాన మాత్రము రెంటికిని అంతంతమాత్రమే. అయితే చలిజ్వరపు దోమకు కావలసినది విస్తారమైన నీరు కాదు, నిలిచిన తేటనీరు. పెన్న, చిత్రావతి, వేదవతి ఏటికి కొన్ని దినములు పారి ఆగిపోవును. ప్రవాహము తెగిన పిమ్మట ఇసుకలో అక్కడక్కడ మడుగులు మిగులును. జనులు త్రాగునీటికై చెలమలు త్రవ్వుదురు; రైతులు ఊటకాలువలు తీయుదురు; ఒడ్డున కపిల బావు లుండును. ఎండ తగులుచు, బురద తేరి, గులకరాళ్ళు కనబడునట్టి ఆ తేటనీరే ఈ దోమకు పురిటిల్లు. ఊరి మురుగుకాలువలో పెరుగు దోమ వేరు. అది బోదకాలు వ్యాధిని మోయునది. మంచినీటి చెంతనే చెడుగు పుట్టుట ఈ దోమ యొక్క ప్రత్యేకత.

కరవునకును చలిజ్వరమునకును గల బాంధవ్యమును లోకమునకు చాటినది సింహళద్వీపము. అచ్చటి నైరృతి భాగము నిత్యము వానలతో తడియుచుండును. 1934లో అక్కడ వానలు తప్పినవి. నిండుగా పారు నదులు తెగి మడుగులైనవి. ఆ మడుగులలో ఈ దోమ అపారముగా వృద్ధిపొంది, ఆ యేటి చివరను 1935లోను సుమారు ఎనుబదివేల ప్రాణములను బలిగొన్నది. వరద వచ్చిన దేశములో కాక, వరద రాని దేశములో ఇంతటి మారి వచ్చెను. కరవుసీమవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

దోమకును జ్వరమునకును సంబంధము మొదట తెలిసినది తెలుగునేలమీదనే. సర్ రొనాల్డు రాస్ సైనిక వైద్యుడు. సికిందరాబాదులోను ఇతర చోట్లను రెండేండ్లకు పైగా దోమలను కోసి చూచెను. ఏమియు కానరాలేదు. కారణ మేమనగా, అతడు కోసినవి బూడిదవన్నె దోమలు, చారల దోమలు, చలిజ్వరమును మోయనట్టివి. దోమ యనగా దోమయే యని యతడును తలంచినాడు. తుదకు 1897 ఆగస్టులో రెక్కలమీద మచ్చలు గల మరియొక తెగ దోమలు అతనికి లభించెను. జ్వరపీడితుడైన హుసేన్ ఖాన్ అను నాతనిని, కుట్టించుకొన్న దోమ కొక్కటికి ఒక అణా చొప్పున నిచ్చి, వానిచే కుట్టించెను. ఆ నెల 20వ తేదిన ఆ దోమ కడుపు గోడలో రోగక్రిమి గూళ్ళు కనబడెను. రెండేండ్ల శ్రమ వ్యర్థమగుటకు కారణము క్రిమిని ఎరుగకపోవుట కాదు, దోమలలో భేదమును ఎరుగకపోవుట. రాస్‌కు 1902లో నోబెలు బహుమానము వచ్చినది. హుసేన్ ఖాన్‌కు వచ్చినది కొన్ని అణాలు.

రాస్ కనుగొన్న ఆ మచ్చరెక్కల తెగకు అనాఫిలిస్ అని పేరు. ఇందు భారతదేశమున పెక్కు జాతులు కలవు. వానిలో పల్లెటూళ్ళ చలిజ్వరమునకు ముఖ్యకారణమైన దానికి 1901లో గైల్సు అను సైనిక వైద్యుడు అనాఫిలిస్ క్యులిసిఫేసీస్ అని నామకరణము చేసెను. ఆ పేరునకు 'క్యూలెక్సు పోలిక గలది' అని యర్థము. క్యూలెక్సనునది మురుగునీటి దోమ. పోలికలను నమ్మి మోసపోయిన దోమకు పోలిక యనియే పేరుండుట కాకతాళీయమే కాని, ముచ్చటగానే యున్నది.

పేరు కుదిరిన పిమ్మట దాని నడవడిని పరిశోధించిన వారెందరో. 1930, 40 దశాబ్దములలో తంజావూరు జిల్లా పట్టుకోటలో పాల్ రస్సెల్ అను అమెరికను వైద్యుడును, టి. రామచంద్రరావును చేసిన పని రైతులు తెలిసికొనదగినది. క్రొత్తగా నాటిన వరిమడిలో ఈ దోమ పిల్లపురుగులు విరివిగా నుండుటయు, పైరు అడుగెత్తు మించగానే మాయమగుటయు వారు గమనించిరి. నీడయా కారణము, ఎరువా, నీటి వేడిమియా? వారు పైరు లేని నీటిలో గాజుకడ్డీలను వరిదుబ్బులవలె దట్టముగా గ్రుచ్చి చూచిరి. అచ్చటను దోమ గ్రుడ్లు పెట్టలేదు. ఈ దోమ నీటిమీద ఎగురుచు నృత్యము చేయునట్లు క్రిందికి పైకి కదలుచు గ్రుడ్లు విడుచును. కడ్డీలు అడ్డువచ్చినచో ఆ యాట సాగదు. ఇంత నిశితముగా చూచిన కన్నులకును, తాము చూచుచున్నది ఒక్క జాతియేనా యను సందియము కలుగుట కవకాశము లేకపోయెను. రెక్కమీద మచ్చలన్నియు ఒకటే, కాళ్ళన్నియు ఒకటే, పిల్లపురుగుల వెండ్రుకల లెక్కయు ఒకటే.

స్వాతంత్ర్యము వచ్చిన 1947లో ఈ దేశమున ఏటేట ఏడున్నర కోట్ల మందికి చలిజ్వరము తగులుచుండెననియు, ఎనిమిది లక్షల మంది మరణించుచుండిరనియు అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమ మారంభమైనది. 1958లో నియంత్రణ యను మాట తీసి నిర్మూలనము అని పెట్టిరి. ఇంటింటికి వచ్చి గోడలకు డి.డి.టి. చల్లిన వారిని, గోడమీద తేది వేసి పోయిన వారిని పెద్దవా రెరుగుదురు. 1965 నాటికి జ్వరపీడితుల సంఖ్య సుమారు లక్షకు దిగినది. విజయము చేతికందినట్లే యుండెను. అంతట కథ తిరుగబడినది. 1976లో ఆ సంఖ్య అరువదినాలుగు లక్షలు దాటినది. మందు చాలినంత రాకపోవుట, ధనము తగ్గుట, జాగ్రత్త సడలుట మొదలగు కారణములు పెక్కు కలవు. వానిలో నొకటి, దోమ మందునకు అలవాటుపడుట. క్యులిసిఫేసీస్ డి.డి.టి.కి లొంగుట లేదని 1959లోనే గుజరాతులోని పంచమహలు జిల్లాలో తెలిసియుండెను.

ఈ కలతలో అధికారులకు పాత చిక్కొకటి క్రొత్తగా కనబడెను. కొన్ని ప్రాంతములలో ఈ దోమ గుంపులుగా నున్నను జ్వరము లేదు. మరికొన్ని చోట్ల దోమ తక్కువ, జ్వర మెక్కువ. ఒక గ్రామమున మందు చల్లగా దోమలు తగ్గక జ్వరము తగ్గెను. ఇంకొకచోట రెండును తగ్గలేదు. ఒకే దోమ యైనచో ఇన్ని తీరులెందుకు?

ఇట్టి ప్రశ్న యూరపుఖండమున అంతకు ముందే పుట్టియుండెను. ఇటలీలోను, మరికొన్ని దేశములలోను 'దోమ యున్నది, జ్వరము లేదు' అనునది పండితులకు పెద్ద తలనొప్పి. దానికి దారి చూపినవాడు మహాపండితుడు కాడు. ఫల్లెరోని యను ఆరోగ్యశాఖ తనిఖీ యుద్యోగి. ఆయన 1926లో దోమను విడిచి దోమ గ్రుడ్డును చూచెను. పెద్ద దోమలన్నియు అచ్చు గ్రుద్దినట్లున్నను, గ్రుడ్లమీది బూడిదవన్నె చారలు మాత్రము తల్లికొక తీరుగా నుండెను. ఒక్కొక్క తల్లి తన జీవితకాలమంతయు ఒకే తీరు గ్రుడ్లు పెట్టుచుండెను. పిమ్మట వచ్చినవారు ఆ దారిని పోయి, ఒకే పేరుతో చెలామణియైన యూరపు దోమ పెక్కు జాతుల సమూహ మనియు, వానిలో కొన్ని పశువుల రక్తముతో తృప్తిపడునవనియు, కొన్నియే మనుష్యుని వెదకి కుట్టునవనియు నిర్ణయించిరి. గ్రామస్థాయి యుద్యోగుల చూపును చులకన చేయువారు ఫల్లెరోని పేరు గుర్తుంచుకొనుట మేలు.

ఇట్టి దాగుడుమూతలు దోమలకే పరిమితములు కావు. సముద్రపు టడుగు బురదలో వానపామునకు చుట్టమైన ఎఱ్ఱని సన్నని పురుగొకటి కలదు. కాపిటెల్లా యని దాని పేరు. నీరు చెడినచోట అది విపరీతముగా పెరుగును గనుక, లోకమందలి రేవులన్నిటను మాలిన్యమునకు సాక్షిగా దానిని లెక్కించుచుండిరి. 1969 సెప్టెంబరులో అమెరికాలోని మసాచుసెట్సు తీరమున, వెస్ట్ ఫాల్మత్ చెంత నూనెపడవ యొకటి దెబ్బతిని చమురు సముద్రము పాలైనది. తక్కిన జీవములు నశించినచోట ఈ పురుగు పుట్టలు పుట్టలుగా వచ్చెను. గ్రాసిల్ దంపతులు ఆ పురుగులను తెచ్చి, వాని శరీరములోని మాంసకృత్తులను విద్యుత్తు సాయముతో వేరుచేసి పోల్చి చూచిరి. మాంసకృత్తులు జన్యువుల ఆజ్ఞ ప్రకారము తయారగునవి. రెండు గుంపులు తమలో తాము సంకరము చెందుచున్నచో ఆ సంగతి అందు తెలియవలెను. తెలియలేదు. 1976లో వారు ప్రకటించిన దేమనగా, ఒక్కటి యనుకొన్న కాపిటెల్లాలో ఆరు జాతులున్నవి. చూపునకు భేదము దాదాపు లేదు. సంతానవిధానములో మాత్రము భేదమున్నది. కొన్నింటి పిల్లలు సముద్రములో బహుదినములు తేలియాడును, కొన్నింటివి తల్లి గూడు విడిచిన స్వల్పకాలమునకే బురదలో దిగును. సాక్షి యొకడనుకొన్నచోట ఆరుగురు సాక్షులు, ఆరు విధముల వాంగ్మూలములు! ఇట్లు కంటికి చిక్కక గర్భములో వేరైన జాతులను శాస్త్రజ్ఞులు సోదరజాతులని పిలుతురు.

మన దోమ సంగతి తేలినది 1980లో. గ్రీన్, మైల్స్ అను నిద్దరు శాస్త్రజ్ఞులు దోమ బాహ్యరూపమును విడిచి క్రోమోసోములను పరిశీలించిరి. ఆడుదోమ రక్తము త్రాగి గ్రుడ్లు సగము పక్వమైన వేళ, అండాశయములో గ్రుడ్డును పోషించు కణములందలి క్రోమోసోములు ఎంతో లావై, అడ్డచారలతో స్పష్టముగా కనబడును. ధర్మవరము చీర అంచును తలచుకొన్నచో పాఠకులకు బోధపడును. అంచు పొడవునా సన్నచార, లావుచార, జంటచార ఒక వరుసలో వచ్చును. ఆ యంచులో జానెడు ముక్కను కత్తిరించి, వెనుక ముందులు తిప్పి, మరల అదే తావున కుట్టినచో చారల వరుస అచ్చట మాత్రము తలక్రిందగును. క్రోమోసోములలో ఇట్టి తిరుగుబాట్లు సహజముగా జరుగుచుండును. ఎక్స్ అను క్రోమోసోములో కొన్ని దోమలకు వరుస ఒక తీరుగను, కొన్నింటికి తిరుగబడియు నుండెను.

అంతమాత్రమున జాతులు వేరని చెప్పుటకు వీలులేదు. ఒకే ఇంటిలో నల్లవాడును ఎఱ్ఱవాడును పుట్టుటలేదా? ఇచ్చట నిర్ణాయకమైన సాక్ష్యము వేరొకటి. రెండు తెగలును కలసి సంతానము కనుచున్నచో, తల్లినుండి ఒక తీరు, తండ్రినుండి ఒక తీరు సంక్రమించిన మిశ్రమ దోమలు తప్పక దొరకవలెను. అట్టివానిలో ఆ రెండు పోగులు ఒకదానితో ఒకటి జతపడలేక మెలికపడి ఉచ్చువలె కనబడును. ఒకే ఊరిలో, ఒకే కొట్టములో, ఒకే గోడమీద రెండు తెగల దోమలు ప్రక్కప్రక్కన దొరకినను, ఆ యుచ్చు గల దోమలు మాత్రము దొరకలేదు. అనగా అవి ఒకే కప్పుక్రింద నుండియు కంచమును మంచమును పంచుకొనుట లేదు. ప్రయోగశాలలో బలవంతముగా కలిపినచో ఒకవైపు సంకరములో పుట్టిన మగదోమలు గొడ్డువోవుచుండెను. ఇక సందేహమేమి? రెండును వేరుజాతులే.

వానికి ఏ జాతి, బి జాతి యని పేళ్ళు పెట్టిరి. ఇది పేరు పెట్టుట గాక సర్వే నంబరును సబ్ డివిజను చేయుటవలె నున్నదని భూమి లెక్కలు తెలిసినవారికి తోచును. 112 నంబరు చేను అన్నదమ్ములు పంచుకొన్నచో 112-ఏ, 112-బి యగునే కాని చేనికి క్రొత్త పేరు రాదు. అన్నదమ్ముల సంఖ్య పెరిగినకొలది అక్షరములును పెరిగినవి. ఢిల్లీలో 1977లో స్థాపితమైన మలేరియా పరిశోధన కేంద్రమునందు సరళా సుబ్బారావు, వి. పి. శర్మ మొదలైనవారు ఈ పనిని చేపట్టి, 1983లో సి జాతిని వెల్లడించిరి. మరికొన్నాళ్ళకు డి జాతి వచ్చినది. ఈ సరళా సుబ్బారావుగారే పిమ్మట ఆ కేంద్రమునకు డైరెక్టరైరి.

పేళ్ళ పట్టిక పెరిగినందువలన పల్లెకు వచ్చిన లాభమేమి? ఇదియే ఈ చరిత్రకు గుండెకాయ. ఏ జాతి దోమలను కోసి చూడగా రోగక్రిములు దొరకెను. బి జాతిలో అవి దొరకుట మిక్కిలి యరుదు. బి జాతికి చలిజ్వరపు క్రిమి అంటుటయే కష్టము. పైగా దాని ప్రీతి పశువుల రక్తమందే. తూర్పు ఉత్తరప్రదేశ్, బీహారు మైదానములలో దోమ యున్నను జ్వరము స్వల్పమగుటకు కారణము, అచ్చట బి జాతియే ప్రబలి యుండుట. ఇంతకాలము ఒక కొట్టములో నూరు దోమలు దొరకినచో నూరుగురు దొంగలు దొరకినట్లు లెక్క వ్రాసిరి. అందులో దొంగలు పదిమందియో, ఇరువదిమందియో, ఒక్కొక్కచోట ఒక్కడును లేడో!

డి.డి.టి. సంగతియు అట్లే. 1988లో సరళా సుబ్బారావు బృందము వెల్లడించిన దేమనగా, బి జాతికంటె ఏ జాతియే ఆ మందునకు ఎక్కువగా లొంగుచున్నది. రెండింటిని కలిపి పరీక్షించినచో 'దోమ మందునకు లొంగుట లేదు' అని తేలును. ఆ మందును మానివేయుదురు. విడదీసి చూచినచో జ్వరమును తెచ్చు దోమ ఇంకను కొంత లొంగుచునే యున్నదని తెలియును. దోమలు తగ్గకయే జ్వరము తగ్గిన గ్రామముల చిక్కు ఇట్లు కొంత వీడినది. తప్పు లెక్కపై ఏటేట ఎన్ని లక్షల రూపాయల మందు అక్కరలేని గోడలకు పూయబడినదో, అక్కరయున్న గోడలకు అందక పోయినదో! కిష్కింధలో వాలిసుగ్రీవులు పెనగులాడునప్పుడు ఎవ రెవరో తెలియక శ్రీరాముడు బాణము విడువలేదు. సుగ్రీవుని మెడలో గజపుష్పి మాల వేయించిన పిమ్మటనే విడిచెను. మన అధికారులు మాల వేయకుండగనే ఇరువది ముప్పది యేండ్లు బాణములు వేసిరి. ఇచ్చట సుగ్రీవుడును మిత్రుడు కాడు గాని, బాణము వ్యర్థమైన మాట మాత్రము నిజము.

ఇంతలో బి జాతియే శాస్త్రజ్ఞులను ఎదురుతిరిగి ప్రశ్నించినది. మన ప్రాంతమునుండి యాత్రకు పోవువారికి సుపరిచితమైన రామేశ్వర ద్వీపమున చలిజ్వరము ఎడతెగకుండెను. అచ్చటి దోమల క్రోమోసోములను చూడగా అన్నియు బి వరుసలోనే కనబడెను. నిరపరాధి యని విడిచిపెట్టినవాడే నేరస్థలమున నిలుచున్నట్లయినది. అటు సింహళమునను ఇదే చిక్కు. ఎనుబదివేల ప్రాణములు తీసిన దోమ నిరపరాధి యెట్లగును?

ఈ ముడి 1999లో వీడినది. చారల వరుసలో భేదము లేకపోగా, పరిశోధకులు మగదోమకు మాత్రమే యుండు వై క్రోమోసోముయొక్క ఆకారమును చూచిరి. అందు రెండు తీరులు కనబడెను. కాని రక్తము త్రాగి రోగము నంటించునది ఆడుదోమ. వై క్రోమోసోము ఆడుదానికి లేదు. మరి తల్లి ఏ తెగయో ఎట్లు తెలియును? పట్టిన ఆడుదోమను ఒంటరిగా నుంచి గ్రుడ్లు పెట్టించి, తరువాత దానిని కోసి రోగక్రిములున్నవో లేవో చూచిరి. గ్రుడ్లనుండి పెరిగిన కొడుకుల వై క్రోమోసోములను పరీక్షించిరి. రోగక్రిములు మోసిన తల్లుల కొడుకులు ఒక తీరు క్రోమోసోమునే కలిగియుండిరి. కొడుకుల సాక్ష్యముతో తల్లుల నేరము రుజువైనది. వీనికి ఇ జాతి యని పేరు. సింహళమునను బి జాతితోపాటు ఈ ఇ జాతి యున్నదనియు, అచ్చటి చలిజ్వరమునకు కారకము అదియేననియు తరువాత తేలినది.

అయిదు జాతులు, అయిదింటికిని ఒకే రూపము. దమయంతి స్వయంవరమున అయిదుగురు నలులు వరుసగా కూర్చుండిన ఘట్టమును భారతములోను, శ్రీనాథుని శృంగారనైషధములోను చదివినవారికి ఇది క్రొత్త కథ కాదు. దేవత లెంత రూపము మార్చినను వారికి చెమట పట్టదు, రెప్ప పడదు, పూలమాల వాడదు, కాలు నేల నంటదు. దమయంతి అట్టి గుర్తులను బట్టి తన నలుని ఏరుకొన్నది. దోమల విషయమున ఆ గుర్తులు శరీరముపై లేవు. చారల వరుసలోను, మగబిడ్డ క్రోమోసోములోను, ఇప్పుడు డి.యన్.ఏ. అక్షరముల కూర్పులోను కలవు.

ఈ డి.యన్.ఏ. పరీక్ష వచ్చిన తరువాత పని సులువైనది. వెనుకటి పద్ధతికి సగము పండిన గ్రుడ్లు గల ఆడుదోమయే కావలెను; మగదియు, ఆకలి దోమయు, పిల్లపురుగును పనికిరావు. ఇప్పుడు ఎండిన దోమ కాలు ముక్క యైనను చాలును. అయినను డి.యన్.ఏ. సైతము ఒక్క చూపులో అయిదింటిని విడదీయలేదు. మొదటి పరీక్షలో ఏ, డి ఒక ప్రక్కకును, బి, సి, ఇ మరియొక ప్రక్కకును పోవును; రెండవ పరీక్షలో వానిని మరల విడదీయవలెను. దాయాదులలో దగ్గరివారెవరో దూరపువారెవరో దీనివలన తెలియుచున్నది. రామేశ్వరపు నేరస్థుడు నిరపరాధియైన బి జాతికి దగ్గరిచుట్టమగుట ఆలోచింపదగినది. జ్వరమును మోయు శక్తి వంశము ననుసరించి రాదన్నమాట.

తూర్పు కొండల సంగతియు ఇట్టిదే. జయపురము మన్యమున సెలయేళ్ళలో పెరుగు ఫ్లూవియాటిలిస్ అను దోమ కూడ ఒక్కటి కాదనియు, ఎస్, టి, యు అని మూడు జాతులనియు 1990 దశాబ్దములో తెలిసినది. వానిలో మనుష్యుని వెదకి కుట్టునది ఎస్ జాతి. 'మన్యపు జ్వరము' అని భయపెట్టిన దానికి ముఖ్యవాహకము అది.

చలిజ్వరము ఇప్పుడు దేశమంతట చాలవరకు తగ్గినది. సింహళద్వీపము 2016లో మలేరియా రహితదేశముగా గుర్తింపబడినది. ఢిల్లీ కేంద్రము జాతీయ మలేరియా పరిశోధన సంస్థ యైనది. గ్రామలేఖకుల పదవులు 1984లో రద్దయి, మరణముల పుస్తకము వేరు చేతులలోనికి పోయినది. మన సీమలో కపిల బావులు ఎండి గొట్టపు బావులు వచ్చినవి. చెలమలు త్రవ్వువారు తగ్గిరి. వానకాలపు మడుగులు మాత్రము పెన్నలో ఇంకను నిలుచుచునే యున్నవి. గొట్టపు బావి నీటిని నింపుకొను సిమెంటు తొట్లలోను, డ్రమ్ములలోను, పట్టణములందలి మేడమీది నీటితొట్లలోను పెరుగునది మరియొక చలిజ్వరపు దోమ, స్టీఫెన్సై. దాని గ్రుడ్లలోను మూడు తీరులున్నట్లు 1930 దశాబ్దమునుండియే తెలిసియున్నది. ఆ మూడును ఒకే జాతి లోని వంశభేదములా, వేరుజాతులా యను విచారణ సాగుచున్నది.

క్యులిసిఫేసీస్ అయిదు జాతులకు మాత్రము శాస్త్రగ్రంథములలో నేటికిని ఏ, బి, సి, డి, ఇ యను అక్షరములే గాని వేరు నామధేయములు లేవు. 1901లో గైల్సు పెట్టిన ఉమ్మడి పట్టాయే అయిదుగురి పేరను చెల్లుచున్నది.